ప్రొక్యూర్‌మెంట్‌ని తెలుగులో ఏమనాలి: కొనుగోలా, సేకరణా?

వరికంకి | సోమవారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నేను ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు చూస్తుంటాను. సభ్యుల్లో ఎక్కువమంది వరి రైతులు. ఈ సీజన్ నుంచి కంప్యూటర్ రసీదులు ఇవ్వబోతున్నాం. రైతు చేతికిచ్చే కాగితం మీద ప్రతి అక్షరం తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేనే. బరువు, తేమ, బస్తాలు, తరుగు, అన్నిటికీ మాటలు దొరికాయి. పైన శీర్షిక దగ్గరే ఆగిపోయాం. ఇంగ్లీషు నమూనాలో అక్కడ 'ప్రొక్యూర్‌మెంట్' అని ఉంది.

సాఫ్ట్‌వేర్ చేసే అబ్బాయి 'ధాన్యం సేకరణ రసీదు' అని పెట్టాడు. మా అధ్యక్షుడు గారు 'కొనుగోలు' అనమన్నారు. డైరెక్టర్లలో ఒకాయన 'ప్రొక్యూర్‌మెంట్ అనే రాసెయ్యండి, అందరికీ అలవాటైపోయింది' అన్నారు. పేపర్లు తిరగేస్తే ఒకే వార్తలో పైన 'ధాన్యం సేకరణ', కింద 'కొనుగోలు కేంద్రం' అని ఉంటోంది.

పర్చేజ్‌కీ ప్రొక్యూర్‌మెంట్‌కీ నిజంగా తేడా ఉందా? ఈ మాట ఎక్కడ పుట్టింది? శుక్రవారానికి ప్రింటుకి ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గానే ఉంది.

స్టోర్స్_పెద్దాయన | సోమవారం, ఉదయం 9:35

ఒక ఫ్యాక్టరీలో 32 ఏళ్లు స్టోర్స్, పర్చేజ్ రెండూ చూసి రిటైరయ్యాను. తేడా ఉంది బాబూ.

ప్లాంటులో మోటారు బేరింగ్ పోయిందనుకోండి. మెయింటెనెన్స్ వాళ్లు ఇండెంట్, అంటే ఫలానాది కావాలనే చీటీ, రాస్తారు. స్టాకు లేదని స్టోర్స్ వాళ్లు ముద్ర వేస్తారు. అక్కడి నుంచి నలుగురు సప్లయర్లకి ఎంక్వయిరీ వెళ్తుంది. కొటేషన్లు వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేస్తాం, ఎల్‌1 (అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడు) ఎవరో తేలుతుంది, బేరం నడుస్తుంది, పీవో (పర్చేజ్ ఆర్డరు) విడుదలవుతుంది. సరుకు గేటు దాటాక ఇన్‌స్పెక్షన్, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే కాగితం). ఆఖర్న అకౌంట్స్ వాళ్లు పీవో, జీఆర్‌ఎన్, బిల్లు మూడూ సరిపోలాయా అని చూసి డబ్బు వదులుతారు.

ఇందులో ధర తేల్చి ఆర్డరిచ్చే ముక్క పర్చేజ్. అవసరం పుట్టిన దగ్గర నుంచి డబ్బు చెల్లించేదాకా ఉన్న దారంతా ప్రొక్యూర్‌మెంట్. నేను చేరినప్పుడు మా గది తలుపు మీద 'పర్చేజ్' అనే ఉండేది. నేను దిగిపోయేనాటికి 'ప్రొక్యూర్‌మెంట్' అయింది. పని పెద్దగా మారలేదు కానీ బాధ్యత మాత్రం పెరిగింది. చవగ్గా కొన్నావా అన్నది ఒక్కటే కాదు, సరుకు టైముకి వచ్చిందా, పనికొచ్చిందా అన్నది కూడా మా నెత్తినే పడింది.

పాత_నిఘంటువు | సోమవారం, ఉదయం 11:20

పెద్దాయన గారు చెప్పిన బాధ్యత ఆ మాట పుట్టుకలోనే ఉంది.

లాటిన్‌లో 'ప్రొ' అంటే ఒకరి తరఫున. 'క్యూరారె' అంటే బాగోగులు చూడటం. రెండూ కలిస్తే 'ప్రొక్యూరారె', అంటే ఇంకొకరి తరఫున వాళ్ల వ్యవహారాలు చూసుకోవడం. రోమన్ సామ్రాజ్యంలో చక్రవర్తి ఆస్తులూ ఆదాయమూ రాష్ట్రాల్లో చూసే అధికారిని ప్రొక్యురేటర్ అనేవారు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చాక 'ఒకరి కోసం పూనుకుని సంపాదించి పెట్టడం' అనే అర్థం పైకి వచ్చింది. అంటే మొదట్లో ఈ మాటలో సరుకూ లేదు, ధరా లేదు. తరఫున అన్నదీ చూసుకోవడం అన్నదీ మాత్రమే ఉన్నాయి.

దీనికి ఇద్దరు తమ్ముళ్లు. ప్రొక్యురేటర్‌ని నోట్లో నలిపితే 'ప్రాక్టర్' అయింది, యూనివర్సిటీల్లో క్రమశిక్షణ చూసే ఆయన. ప్రొక్యురసీని నలిపితే 'ప్రాక్సీ' అయింది.

పర్చేజ్‌ది వేరే కథ. అది పాత ఫ్రెంచి మాట, వెంటపడి పట్టుకోవడం అని అర్థం. 'చేజ్' అందులో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఇంగ్లండు చట్టంలో చాలాకాలం వారసత్వంగా కాకుండా ఇంకే దారిలో ఆస్తి వచ్చినా దాన్ని పర్చేజ్ అనేవారు. డబ్బిచ్చి కొనడం అనే అర్థం క్రమంగా మిగతావాటిని నెట్టేసింది.

ఇండెంట్ ఇంకా బాగుంటుంది. ఒకే తోలు మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో పళ్లు పళ్లుగా కోసి, చెరొక ముక్క ఉంచుకునేవారు. తగాదా వస్తే రెండు ముక్కలూ కలిపి చూసేవారు. పళ్లు కుదిరితే పత్రం అసలైనదే. లాటిన్ 'దెన్స్', మన సంస్కృత 'దంతం' ఒకే మూలం నుంచి వచ్చినవి. పెద్దాయన గారు 32 ఏళ్లు ముద్ర వేసిన కాగితంలో దంతం ఉందన్నమాట.

బెజవాడ_కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

కాలేజీలో మేం వేసుకున్న ప్రాక్సీ అటెండెన్సూ, ప్రొక్యూర్‌మెంటూ ఒకటే మూలమా! ఒకరి తరఫున పలకడమే కదా, నిజమే.

ఇంకోటి గుర్తొచ్చింది. నేను చదివిన మిషన్ హాస్టల్లో 'ప్రొక్యురేటర్ ఫాదర్' అని ఒకరుండేవారు. బియ్యం, పప్పు, దుప్పట్లు, ఫీజుల లెక్కలు అన్నీ ఆయనే చూసేవారు. ఆ పేరు ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు అర్థమైంది. 'కేర్' అనే ఇంగ్లీషు మాట కూడా ఈ క్యూరా నుంచి వచ్చిందేనా అండీ?

పాత_నిఘంటువు | సోమవారం, మధ్యాహ్నం 1:40

కాదు బాబూ, చాలామంది అలాగే అనుకుంటారు. ఇంగ్లీషు 'కేర్' జెర్మానిక్ మాట, దుఃఖం, చింత అనే అర్థం నుంచి వచ్చింది. క్యూరాకి పుట్టినవి క్యూర్, క్యురేటర్, సెక్యూర్. సెక్యూర్ అంటే చింత లేకుండా ఉండటం. హాస్టల్ ఫాదర్ విషయం మాత్రం సరిగ్గా పట్టుకున్నారు, ఆ పదవి పేరు రోమన్ కాలం నుంచి చర్చి దాచుకుంటూ వచ్చింది.

ఆర్మూర్_వడ్లు | సోమవారం, రాత్రి 9:15

పొలం నుంచి వచ్చి ఇప్పుడే అంతా చదివిన. లాటిన్ సంగతి మంచిగ చెప్పిన్రు. నాకు తెలిసింది నేను చెప్తా.

'సేకరణ' అని దయచేసి రాయకండి అన్నా.

చెత్త సేకరణ అంటారు. చందాల సేకరణ, సంతకాల సేకరణ, వివరాల సేకరణ అంటారు. వీటిలో ఎక్కడన్నా ఇచ్చినోనికి పైసలు వస్తయా? భూసేకరణ అంటారు. 1894 నాటి చట్టం కింద పోయిన భూముల గురించి ఊరి పెద్దలను అడగండి, ఆ మాట ఎట్ల వినబడుతదో చెప్తరు. మా తాత అయితే 'లెవీ గల్లా' గురించి చెప్పేటోడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు ఎకరానికి ఇంత అని లెక్కగట్టి ధాన్యం పట్టుకపోయేది. ఇంట్ల తిండికి మిగిలిందా లేదా అని చూసేటోళ్లు కాదు. తెలంగాణ సాయుధ పోరాటంల లెవీ ఇయ్యం అన్న మాట ఊరూర వినబడింది. అది కూడా 'సేకరణ'నే గద.

నేను పోయిన యాసంగిల 17 రోజులు కేంద్రంల కుప్ప కాడ పడుకున్న. తేమ 17 శాతం లోపల ఉండాలె అన్నరు, ఉంది. వాన వస్తదేమోనని రాత్రిళ్లు పట్టాలు కప్పుడు, పొద్దున తీసుడు. కాంటా అయినంక మిల్లు కాడ తాలు ఉందని సంచికి ఇంత అని మళ్ల కోత పెట్టిన్రు. ఆ మిల్లు పేరు ఇక్కడ వద్దు. డబ్బులు వచ్చేసరికి ఎరువుల దుకాణంల మిత్తి పెరిగింది.

అంత చేసినంక చేతికి వచ్చే కాగితం మీద 'సేకరణ' అని ఉంటే, రోడ్డు మీద పడ్డది ఏరుకపోయినట్టు ఉంటది. మేం అమ్మినం, వాళ్లు కొన్నరు. 'కొనుగోలు' అని రాయండి.

అరకు_గాలి | మంగళవారం, ఉదయం 7:30

ఆర్మూర్ అన్న చెప్పింది మా ఏజెన్సీలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అడవిలో అడ్డాకులు, చింతపండు, తేనె, కొండచీపుళ్లు తెచ్చేది గిరిజనులు. వాళ్లు చేసేది సేకరణ. చెట్టు దగ్గర అమ్మేవాడు ఉండడు కాబట్టి ఆ మాట సరిపోతుంది. ఆ సరుకును సంతలో తీసుకునేది విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ. అది చేసేది కొనుగోలు. తునికాకు విషయంలోనూ అంతే. ఆకు కోసి కట్టలు కట్టేది సేకరణ, కల్లంలో లెక్కపెట్టి కూలీ కట్టడం వేరే పని.

సంస్థ కూడా 'సేకరించింది' అని రాస్తే, ఎండలో కొండెక్కిన మనిషి ఆ వాక్యంలోంచి మాయమైపోతాడు.

పాలకేంద్రం | మంగళవారం, ఉదయం 8:50

చిత్తూరు వైపు మేము తరతరాలుగా 'పాల సేకరణ కేంద్రం' అనే అంటున్నాం. ఎవరూ నొచ్చుకున్నది లేదు. పొద్దునా సాయంత్రం పాలు పోస్తారు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) చూసి పుస్తకంలో రాస్తాం, పదిహేను రోజులకోసారి బిల్లు ఇస్తాం. సేకరణ అన్నంత మాత్రాన డబ్బు ఎగ్గొట్టినట్టు కాదు కదా. వందల ఇళ్ల నుంచి లీటరు, రెండు లీటర్లు పోగుచేసే పనికి ఆ మాటే నప్పుతుంది అనుకుంటాను.

ఆర్మూర్_వడ్లు | మంగళవారం, ఉదయం 9:20

పాలకేంద్రం అన్నా, మీ మాట కాదనను. కొద్ది కొద్దిగ పోగయ్యేదానికి సేకరణ సరే. నా వడ్లు లీటరు పాలు కాదు, ఆరు నెలల పంట, ఒక్కసారి ఇచ్చేస్తున్న.

హోసూరు_తెలుగు | మంగళవారం, ఉదయం 10:10

మేం తమిళనాడులో ఉంటాం, ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఇక్కడ ప్రభుత్వ వరి కేంద్రాల బోర్డు మీద 'నేరడి నెల్ కొళ్ముదల్ నిలైయం' అని ఉంటుంది. నేరుగా వడ్లు కొనే కేంద్రం అని. 'కొళ్ముదల్' అంటే సరిగ్గా ప్రొక్యూర్‌మెంటే, దానికోసం వాళ్లు ఇంగ్లీషు వైపు చూడలేదు. అందులోని 'కొళ్' మన 'కొను' ఒకటే అనుకుంటా. నిఘంటువు గారు చెప్పాలి.

పాత_నిఘంటువు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఒకటే. తమిళం, మలయాళం, కన్నడంలో 'కొళ్', తెలుగులో 'కొను'. ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. కానీ ఇక్కడ ఆర్మూర్ గారికి కొంచెం ఇబ్బంది కలిగించే మాట ఒకటి చెప్పాలి. 'కొను' అంటే మొదటి అర్థం తీసుకోవడం, పట్టుకోవడం. డబ్బు ప్రసక్తి లేదు. పాత తెలుగులో 'కొనిపోయెను' అంటే తీసుకుపోయాడు అనే. 'చేకొను', 'గైకొను' చూడండి, చేత్తో అందుకోవడం. 'కష్టాలు కొనితెచ్చుకోవడం' అంటామే, ఆ కష్టాలకు ఎవరూ ధర కట్టరు.

ఇంకా దగ్గరికి రండి. తెలుసుకొను, చూసుకొను, రాసుకొను. మన క్రియల్లో సగం ఈ 'కొను' తోక తగిలించుకున్నవే. తనకోసం చేసుకునే ప్రతి పనికీ అది అతుకుతుంది. ఇక 'కొనుగోలు'లో అదే ధాతువు రెండుసార్లు ఉంది. కొను, దాని పక్కన కోలు. 'క' కాస్తా 'గ' అయింది. ఈ 'కోలు' వీడుకోలు, వేడుకోలు, ఒప్పుకోలు మాటల్లో కనిపించేదే.

చిత్రమేమిటంటే ప్రొక్యూర్‌మెంట్‌లో 'ఇతరుల కోసం' ఉంది, మన కొనుగోలులో 'తనకోసం' ఉంది. రెండు మాటలూ ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చి ఒకే కాంటా దగ్గర కలిశాయి.

గోల్కొండ_గల్లీ | మంగళవారం, సాయంత్రం 6:45

'ఖరీదు'ను మరిచిపోయారు అందరూ. ఆంధ్రలో 'ఖరీదెంత' అంటే ధర ఎంత అని. తెలంగాణ మార్కెట్ యార్డుల్లో 'ఖరీదుదారు' అంటే ధర పాడి సరుకు తీసుకునే వ్యాపారి. అసలు అర్థానికి దగ్గరగా ఉన్నది ఇదే. పారసీలో 'ఖరీద్' అంటే కొనడం. ఉర్దూలో ఇప్పటికీ క్రయవిక్రయాలను 'ఖరీద్ ఒ ఫరోఖ్త్' అంటాం. కొనడం పేరు కాస్తా మీ వైపు ధర పేరు అయింది, అక్కడి నుంచి 'ఖరీదైన' అంటే ఎక్కువ ధర ఉన్నది అనే దాకా పోయింది. మా అమ్మ దానికి 'పిరం' అంటుంది.

'సరఫరా' కూడా మా వైపు మాటే. పారసీలో 'సర్‌బరాహ్', ఏర్పాట్లు చూసేవాడు. మీ ప్రొక్యురేటర్‌కి ఇంచుమించు అన్నదమ్ముడు. పౌర సరఫరాల శాఖ పేరులో కూర్చున్నాడు.

క్రయం, ఖరీదు, కిరాయి మూడూ ఒకేలా వినబడుతున్నాయి, చుట్టాలేనా?

పాత_నిఘంటువు | మంగళవారం, రాత్రి 8:00

మొదటి రెండూ చుట్టాలే. సంస్కృత 'క్రీ', పారసీ 'ఖరీదన్' ఒకే ఇండో-ఇరానియన్ మూలానివి. రిజిస్ట్రార్ ఆఫీసులో 'క్రయ దస్తావేజు' రాయించి, ఇంటికొచ్చి 'ఖరీదు ఎక్కువైంది' అంటే ఒకే మాటను రెండు దారుల్లో పలికినట్టు. కిరాయి మాత్రం అరబ్బీ నుంచి వచ్చింది, పోలిక పైపైదే.

బందరు_లడ్డు | బుధవారం, ఉదయం 6:55

మా ఊరి ముచ్చట కూడా ఇందులో ఉంది. ఈస్టిండియా కంపెనీ 1611లో బందరులో, అప్పటి మచిలీపట్నంలో, స్థావరం పెట్టింది బట్టల కోసమే. యూరప్‌కి పంపడానికి ఏటా ఇక్కడ కొనే సరుకు మొత్తానికి కంపెనీ వాడిన పేరు 'ఇన్వెస్ట్‌మెంట్'. ఈ రోజు మనం ప్రొక్యూర్‌మెంట్ అనే పనిని వాళ్లు పెట్టుబడి అన్నారు. నేత నేసేవాళ్ల వైపు నుంచి చూస్తే అది బయానా. ముందు కొంత డబ్బు చేతిలో పెట్టి, ఇన్ని గజాలు, ఈ నాణ్యత అని కట్టడి చేసేవారు. మధ్యలో దుబాసీలు, గుమాస్తాలు. 'గుమాస్తా' పారసీ మాట, నియమించబడినవాడు అని. కంపెనీ తరఫున నేతగాడి గుమ్మంలోకి వచ్చింది అతనే. బయానా పుచ్చుకున్నవాడు ఎక్కువ ధర ఇచ్చేవాడికి బట్ట అమ్ముకోలేక చిక్కుకుపోయేవాడు.

నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో నేసిన బట్ట 'మడపోలం' పేరుతో ఫ్రాన్సులో ఇప్పటికీ తెలుసు. ఊరి పేరు బట్టకి పెట్టుకున్నారు, నేసినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. తరఫున కొనేవాడు ఎవరి తరఫున ఉన్నాడన్నది అసలు ప్రశ్న అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

స్టోర్స్_పెద్దాయన | బుధవారం, ఉదయం 8:15

బందరు గారు మంచి చోట వేలు పెట్టారు. ఇప్పటి వడ్ల కేంద్రంలో కూడా అదే చూడండి. కాంటా వేసేది మహిళా సంఘమో, సహకార సంఘమో. వాళ్లకి క్వింటాకి ఇంత అని కమీషన్. వాళ్లు పౌర సరఫరాల సంస్థ తరఫున. కేంద్ర నిల్వలకి వెళ్లే బియ్యం వరకు ఆ సంస్థ ఢిల్లీ తరఫున. మిల్లు వడ్లు పట్టి క్వింటాకి 67 కిలోల పచ్చి బియ్యం, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. అంటే లాటిన్ మాటలోని 'తరఫున' ఇక్కడ మెట్లు మెట్లుగా ఉంది. రైతుకి కనిపించేది మొదటి మెట్టు ఒక్కటే.

2015 అక్టోబరు దాకా లెవీ అనే పద్ధతి ఉండేది. మిల్లరే రైతు దగ్గర కొని, ఆడించిన బియ్యంలో వాటా ప్రభుత్వానికి ఇచ్చేవాడు. ఆర్మూర్ గారి తాతగారు చెప్పిన లెవీకి ఇది పేరులో మాత్రమే వారసుడు. లెవీ ఎత్తేశాక ప్రభుత్వమే వడ్లు కొని మిల్లుకిచ్చి ఆడిస్తోంది.

వరికంకి | బుధవారం, సాయంత్రం 7:40

ఇంత చెబుతారని అనుకోలేదు. మూడు రోజుల నుంచి ఆఫీసులో ఈ పేజీ తెరిచే ఉంచుతున్నాం.

నిఘంటువు గారూ, ఒక్క సందేహం. 'కొను'లో మొదట డబ్బు లేదంటే, ఆర్మూర్ అన్న వాదన నిలబడదా?

పాత_నిఘంటువు | బుధవారం, రాత్రి 8:30

నిలబడుతుంది. మాట పుట్టుక ఒకటి, ఇవాళ చెవికి వినబడేది ఒకటి. ఈ రోజు ఏ పల్లెలో అడిగినా 'కొన్నాడు' అంటే డబ్బిచ్చి తీసుకున్నాడనే. పైగా కొనుగోలుకి జంట ఉంది, అమ్మకం. ఒకటి అనగానే రెండోది ఉన్నట్టే. సేకరణకి అలాంటి జంట లేదు. చెప్పి చూడండి, సేకరణకి ఎదురుమాట ఏది? నాకు తట్టలేదు. రైతుకిచ్చే రసీదు మీద జంట ఉన్న మాటే ఉండాలి.

ఆఫీసు లోపల మొత్తం పనికి ఒక పేరు కావాలంటే 'సమకూర్పు' ఆలోచించండి. పెళ్లికి కావలసినవన్నీ సమకూర్చారు అంటాం. ఎవరి కోసమో, శ్రద్ధగా, వేళకి అందేలా. ప్రొక్యూరారెకి ఇంతకన్నా దగ్గర మాట నాకు తెలీదు.

వరికంకి | గురువారం, మధ్యాహ్నం 3:10

కమిటీలో పెట్టాను. రసీదు పైన 'వడ్ల కొనుగోలు రసీదు' అని ఖాయమైంది. 'ధాన్యం'కి బదులు 'వడ్లు' అనడం కూడా ఒక సభ్యుడి కోరికే. విత్తనాలు, ఎరువులు, సంచులు సభ్యుల కోసం తెప్పించే విభాగానికి 'సమకూర్పు' పెట్టాం. ఒకరిద్దరు కొత్తగా ఉందన్నారు కానీ కాదనలేదు.

ఆర్మూర్_వడ్లు | గురువారం, రాత్రి 9:50

సంతోషం అన్నా. ఇంకొక్కటి అడుగుత. రసీదు మీద 'కొన్నవారు', 'అమ్మినవారు' అని రెండు సంతకాల జాగలు పెట్టండి. మాకు ఎప్పుడూ ఒక్కటే ఉంటది, మా వేలిముద్రకు. పైసలు ఏ తారీకు లోపల పడతయో ఆ గడి కూడా.

వరికంకి | శుక్రవారం, ఉదయం 9:05

రెండు సంతకాలూ పెట్టించాను. 'సొమ్ము జమ కావలసిన తేదీ' గడి బరువు గడి కిందే ఉంది, చేత్తో రాసేలా కాకుండా కంప్యూటరే వేసేలా. ఇప్పుడే ప్రింటుకి పంపాం.